ఒక్క ప్లేటు, అన్ని రంగులు: చిత్తూరు నుంచి పారిస్ దాకా కృష్ణారెడ్డి

వీడియో చూడ్డానికి టైం లేనివాళ్ల కోసం ఎప్పట్లాగే మాటలన్నీ ఇక్కడ పెడుతున్నాం. నేను మధ్యలో తడబడినవి, "అదీ... ఏంటంటే"లు తీసేశాం. మిగతాదంతా కెమెరా ముందు చెప్పిందే.

ఈ ఎపిసోడ్ హఫీజ్‌పేట్‌లో ఒక ఫ్లెక్సీ షాపులో మొదలైంది. మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి బ్యానర్ కొట్టించమని నన్ను పంపారు. డిజైన్ పని చేస్తాను కదా, ఇలాంటివన్నీ నా నెత్తినే పడతాయి. షాపులో ఆ పెద్ద మిషన్ చూశారా ఎప్పుడైనా? అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, కింద నుంచి వినాయకుడు కొంచెం కొంచెంగా బయటికొస్తుంటాడు. ముందు తొండం, తర్వాత బొజ్జ, చివర్లో కింద స్పాన్సర్ల ఫొటోలు. మిషన్ నడిపే తమ్ముడిని అడిగాను, ఇన్ని రంగులు ఎలా వస్తున్నాయి, లోపల ఎన్ని ఇంకులున్నాయి అని.

"నాలుగే అన్నా. నీలం, గులాబీ, పసుపు, నలుపు. కలర్లు కలువయ్. పక్కపక్కకు చుక్కలు పడ్తయ్. మనకే కలిసినట్టు కొడ్తది."

సీఎంవైకే గురించి నాకు కాలేజీలో ఒక సెమిస్టర్ అంతా చెప్పారు. ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చాక ఒక ప్రశ్న పట్టుకుంది. మిషన్లు లేనప్పుడు, చేత్తో బొమ్మ చెక్కి అచ్చు తీసే రోజుల్లో, రంగుల అచ్చు ఎలా వేసేవాళ్లు? మామూలు జవాబు ఏంటంటే, ఒక్కో రంగుకి ఒక్కో పలక. ఎరుపుకొకటి, నీలానికొకటి, పసుపుకొకటి. అదే కాగితాన్ని ఒక్కోదాని మీద పెట్టి మళ్లీ మళ్లీ ప్రెస్సులో నొక్కాలి. వెంట్రుకవాసి జరిగిందా, ముక్కు ఒకచోట, ముక్కు మీద రంగు ఇంకోచోట. పాత వాల్‌పోస్టర్లలో హీరో పెదాల ఎరుపు గడ్డం మీదకి జారి ఉంటుంది చూడండి, అదే బాపతు.

మరి ఒకే పలక మీద రంగులన్నీ ఒకేసారి పూసి, ఒకే నొక్కుడుతో మొత్తం బొమ్మ తీస్తే? రంగులు కలిసిపోయి పేడ రంగు అవుతుంది కదా?

అవ్వకుండా ఎలా చెయ్యాలో కనిపెట్టినవాళ్లలో ముందు వరసలో ఉన్న మనిషి చిత్తూరు జిల్లా నందనూరు అనే పల్లెలో పుట్టారు. పేరు కృష్ణారెడ్డి. 1925 జూలై 15న పుట్టి, 2018 ఆగస్టు 22న న్యూయార్క్‌లో పోయారు. తొంభై మూడేళ్లు. ఆయన చేసిన ప్రింట్లు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడ ప్రింట్‌మేకింగ్ నేర్పినా, రంగుల అచ్చు పాఠం వచ్చేసరికి ఈయన పేరు రావాల్సిందే. నేను ఈ పేరు మొదటిసారి విన్నది ఇరవై ఆరేళ్లప్పుడు. అదీ ఒక జపాన్ ఆర్టిస్ట్ ఇంటర్వ్యూ చూస్తుంటే. సిగ్గేసింది, దాచడమెందుకు.

సరే, కథలోకి వెళ్దాం.

చిత్తూరు పల్లె నుంచి ఆ కుర్రాడు బొమ్మలు నేర్చుకోవడానికి శాంతినికేతన్ వెళ్లాడు. 1940లు మొదలైన రోజులవి. టాగోర్ అప్పుడే పోయారు. కళాభవన్‌లో గురువు నందలాల్ బోస్. మనవాళ్లకి గుర్తుండాలంటే, రాజ్యాంగం అసలు ప్రతిలో పేజీలకి బొమ్మలు వేయించిన మనిషి. అక్కడే రాంకింకర్ బైజ్ అనే శిల్పి సిమెంటూ కంకరా కలిపి ఆరుబయట పెద్ద పెద్ద బొమ్మలు చేస్తుండేవాడు. బయట క్విట్ ఇండియా, ఆ వెంటనే బెంగాల్ కరువు. కృష్ణారెడ్డి చదువుకున్న ఏళ్లు ఇవే. ఎండిన డొక్కల మనుషులు రోడ్ల మీద ఉన్నప్పుడు క్లాసులో కూర్చుని ఆకులు, పువ్వులు గీసే కుర్రాడి మనసులో ఏముంటుందో మనం ఊహించుకోవాల్సిందే. ఒకటి మాత్రం ఆయన పని చూస్తే తెలుస్తుంది. నందలాల్ దగ్గర నేర్చుకున్న అలవాటు, అంటే ఒక ఆకునో పురుగునో తీసుకుని అది ఎలా పెరుగుతోందో చూసి గియ్యడం, ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

అక్కణ్నుంచి మద్రాసు. 1947 నుంచి 1949 దాకా కళాక్షేత్రలో ఆర్ట్ విభాగం చూసుకున్నారు. అవును, రుక్మిణీదేవి అరుండేల్ గారి కళాక్షేత్రే. ఆ వైపు మనుషులతో పాటు జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల ప్రభావం కూడా ఈయన మీద గట్టిగా పడింది. కృష్ణమూర్తిది మదనపల్లె, అప్పట్లో అదీ చిత్తూరు జిల్లానే. ఒకే జిల్లా నుంచి ఇద్దరు కృష్ణలు ప్రపంచం మీద పడ్డారు. జిడ్డు అనే మాట గుర్తుపెట్టుకోండి, ఇంకో రెండు నిమిషాల్లో వేరే అర్థంలో కావాలి మనకి.

1950లు మొదలయ్యేసరికి లండన్, స్లేడ్ స్కూల్. అక్కడ హెన్రీ మూర్ దగ్గర శిల్పం. తర్వాత పారిస్‌లో ఓసిప్ జాడ్కిన్ దగ్గర శిల్పం. ఆ తర్వాత మిలాన్‌లో మరీనో మరీనీ దగ్గర... మళ్లీ శిల్పమే. చూస్తున్నారుగా? నేర్చుకున్నదంతా శిల్పం. మట్టి, రాయి, కంచు. ప్రపంచం మాత్రం ఈయన్ని ప్రింట్‌మేకర్ అంటుంది. నాకు మొదట్లో ఇది అర్థం కాలేదు. శిల్పం వదిలేసి కాగితం మీద అచ్చులు వేసుకోవడం ఏంటి, పారిస్‌లో రాయి కొనే డబ్బుల్లేకనా అనుకున్నా. తర్వాత తెలిసింది, వదల్లేదు. పలకలోకి తీసుకెళ్లాడు శిల్పాన్ని.

దానికి పారిస్‌లో ఒక గది కారణం. పేరు అటెలియే 17.

అది స్టాన్లీ విలియం హేటర్ అనే ఇంగ్లిష్ ఆయన 1927లో పెట్టిన వర్క్‌షాపు. ఒకప్పుడు ఉన్న ఇంటి నంబరు పదిహేడు, అదే పేరులో ఉండిపోయింది. హేటర్ చదివింది కెమిస్ట్రీ, జియాలజీ. ఆర్టిస్ట్ అవ్వకముందు అబాదాన్‌లో, అంటే ఇప్పటి ఇరాన్‌లో, నూనె కంపెనీలో ఉద్యోగం చేశాడు. మన కాలనీలో సగం మంది ఇంజనీరింగ్ చదివి ఇంకేదో చేస్తున్నారు కదా, అట్లాంటి బ్యాచే. పికాసో, మీరో లాంటివాళ్లు ఆ వర్క్‌షాపులో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం వస్తే హేటర్ దాన్ని న్యూయార్క్‌కి మార్చేశాడు, అక్కడ జాక్సన్ పొల్లాక్ కూడా వచ్చి ప్రింట్లు చేశాడు. 1950లో మళ్లీ పారిస్. కృష్ణారెడ్డి అడుగుపెట్టింది ఆ తర్వాతే.

అక్కడి పద్ధతి ఏంటంటే, గురువు, శిష్యుడు అని వేర్వేరు కుర్చీలుండవు. పేరున్నవాడు, నిన్న వచ్చినవాడు ఒకే బల్ల దగ్గర నిలబడి చేతులకి ఇంకు పూసుకుంటారు. ఒకడికి ఏదైనా కొత్త విషయం తగిలితే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. అక్కడ అప్పట్లో అందరినీ వేధిస్తున్న ప్రశ్న, ఇందాక నేను చెప్పిందే. ఒకే పలకతో రంగుల బొమ్మ ఎలా?

ఇప్పుడు అసలు మ్యాటర్. దీన్ని కాస్త నిదానంగా చెప్తా. ఫార్వర్డ్ చెయ్యకండి, బోర్ కొట్టదు.

ముందుగా ఒక రాగి పలకో, జింకు పలకో తీసుకోండి. యాసిడ్‌తో కొంత తినిపిస్తారు, ఉలితో, గోకుడు పనిముట్లతో కొంత చెక్కుతారు. మామూలుగా ఎచింగ్ చేసేవాళ్లు గీత పడేంత లోతు చూసుకుంటారు. కృష్ణారెడ్డి అక్కడ ఆగడు. ఇంకా లోపలికి వెళ్తాడు. పలకలో గుట్టలు, లోయలు, మధ్యలో మెట్లు మెట్లుగా వాలులు. పైనుంచి చూస్తే డ్రోన్‌లో తీసిన అరకు లోయలా ఉంటుంది అనుకోండి. శిల్పి చెయ్యి అది. పలక మందం మిల్లీమీటర్లలో ఉండొచ్చు, ఆ మిల్లీమీటర్లలోనే ఒక శిల్పం చేస్తున్నాడు.

ఇప్పుడు రంగు. ముందు ఒక ఇంకుని లోయల్లోకి, గీతల్లోకి దట్టించి పైపైన తుడిచేస్తారు. రెండోది, గట్టి రబ్బరు రోలర్‌తో. గట్టిది కాబట్టి గుట్టల తలల మీద మాత్రమే దొర్లుతుంది, కిందకి దిగదు. రోడ్ రోలర్ గుంటలో ఉన్న గులకరాయిని తాకదు చూడండి, అలాగ. మూడోది మెత్తటి రోలర్‌తో. మెత్తగా ఉంటుంది కాబట్టి వంగి, కిందున్న మెట్ల మీదకి కూడా దిగుతుంది.

ఇక్కడ మీరు ఆపి అడగాలి. మెత్తటి రోలర్ కిందకి దిగేటప్పుడు పైన గుట్టల్ని కూడా తాకుతుంది కదా? అక్కడ ముందే పూసిన రంగుతో కలిసిపోదా?

కలవదు. కారణం జిడ్డు.

ఇంకుల్లో అవిసె నూనె కలుపుతారు. గుట్టల మీద పూసిన ఇంకులో నూనె బాగా ఎక్కువ, జారుగా ఉంటుంది. తర్వాత వచ్చే ఇంకులో నూనె తక్కువ, బంకగా, గట్టిగా ఉంటుంది. జారు పొర మీద నుంచి గట్టి ఇంకు రోలర్ దొర్లితే, ఆ గట్టి ఇంకు అక్కడ అంటుకోదు. జారు పొర దాన్ని రానివ్వదు. ఖాళీగా ఉన్న పల్లాల్లో మాత్రం హాయిగా కూర్చుంటుంది. అంటే రంగులు ఎక్కడ ఉండాలో తేల్చేవి రెండే. పలక ఎత్తుపల్లాలు, ఇంకులో నూనె పాళ్లు. ఆ పైన తడి కాగితం వేసి ప్రెస్సులో ఒక్కసారి లాగితే మొత్తం బొమ్మ వస్తుంది. రంగులన్నీ ఒకేసారి.

ఇంగ్లిష్‌లో దీన్ని విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు. ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్లకి స్నిగ్ధత పాఠం గుర్తుందా? తేనె నెమ్మదిగా కారుతుంది, నీళ్లు గబగబా కారతాయి, సూత్రం రాయుము, నాలుగు మార్కులు. ఆ స్నిగ్ధతే. నాకు ఆ నాలుగు మార్కులూ రాలేదు.

ఒక చిన్న దిద్దుబాటు. స్క్రిప్ట్ రాసుకునేటప్పుడు నేను "నూనె, నీళ్లు కలవవు కదా, అలాగన్నమాట" అని రాసుకున్నాను. చాలా వీడియోల్లో అదే చెప్తారు కూడా. అది తప్పు. ఇక్కడ నీళ్లే లేవు, అన్నీ నూనె ఇంకులే. ఒకే జాతి ఇంకులు. పాళ్లు మాత్రమే వేరు. నూనె-నీళ్ల సంగతి వాడేది లిథోగ్రఫీలో, అది వేరే పద్ధతి.

నేను ఇంట్లో చేసి చూశాను. వీడియోలో ఆరో నిమిషం దగ్గరుంది. మా అమ్మ పూల డిజైన్ స్టీలు పళ్లెం, ప్రెస్సు వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న రెండు డబ్బాల ఇంకు, అవిసె నూనె, రెండు రోలర్లు. మొదటిసారి పసుపులో నూనె చాలలేదు. నీలం దొర్లించగానే రెండూ కలిసి ముద్దయిపోయాయి. రెండోసారి నూనె పోస్తూ పోస్తూ పసుపుని పప్పుచారంత పలచన చేశాను. అప్పుడు నీలం దొర్లిస్తే, పువ్వు అంచులు పసుపుగానే ఉండి, మధ్య పల్లాల్లో మాత్రం నీలం నిలబడింది. కాగితం తడిపి వేసి చెంచా వీపుతో రుద్దాను. వచ్చింది ఏమంత గొప్పగా లేదు, కానీ రెండు రంగులు వచ్చాయి. కెమెరా ఆపడం మర్చిపోయి గంతులేశాను, అది కూడా ఉంచేశాం. ఇదే పని ఆ మనిషి నెలల తరబడి చెక్కిన పలక మీద, చుక్క నూనె తేడాతో రంగు స్థాయి మార్చుకుంటూ చేసేవాడంటే, అప్పుడర్థమైంది ఆ చెయ్యి ఎలాంటిదో.

ఇప్పుడు మీరు కామెంట్లలో అడగబోయే ప్రశ్న. ఇది కనిపెట్టింది కృష్ణారెడ్డేనా?

నిజాయితీగా చెప్పాలంటే, ఒక్కడి పేరు రాయడం కుదరదు. కొన్ని పుస్తకాల్లో హేటర్ అని ఉంటుంది, ఎందుకంటే వర్క్‌షాపు ఆయనది, ప్రశ్న కూడా ఎన్నో ఏళ్లుగా ఆయనదే. కొన్నిచోట్ల కృష్ణారెడ్డి పేరు, ఆయన పక్కనే బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ అనే ఇంకో ఆర్టిస్ట్ పేరు ఉంటుంది. ఈ మోతీని అయితే దాదాపు అందరూ మర్చిపోయారు. మన తెలుగు ఫార్వర్డ్ మెసేజీల్లో అయితే "ప్రపంచానికి రంగుల ముద్రణ నేర్పిన తెలుగోడు" అని ఉంటుంది, అది మరీ ఎక్కువ. ఒకే బల్ల చుట్టూ నిలబడినవాళ్లు ఒకరి తప్పులు ఒకరు చూసి దిద్దుకుంటూ తేల్చిన విషయం అది. కృష్ణారెడ్డి దాన్ని అందరికంటే దూరం తీసుకెళ్లాడు అంటే మాత్రం ఎవరూ కాదనరు.

ఈ క్రెడిట్ సంగతి నాకు ఎందుకింత గుచ్చుకుందంటే, రెండేళ్ల కిందట నేను చేసే ఆఫీసులో... పేరు వద్దులెండి. మూడు నెలలు కూర్చుని ఒక యాప్‌కి కలర్ సిస్టమ్ తయారుచేశాను. కళ్లు సరిగ్గా కనపడనివాళ్లు కూడా చదవగలిగేలా ఒక్కో రంగు టెస్ట్ చేశాను. ప్రెజెంటేషన్ రోజు మొదటి స్లైడ్ మీద నా పేరు లేదు. మా లీడ్ పేరుంది. అడిగితే "టీం వర్క్ కదా, ఫీలవ్వకు" అన్నాడు. ఆ రాత్రి హఫీజ్‌పేట్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ దిగాక ప్లాట్‌ఫాం మీదే చాలాసేపు కూర్చున్నాను. అప్పట్నుంచి నాకొక అలవాటు వచ్చింది. ఏదైనా కొత్తది కనిపెడితే ఎవరికీ చెప్పను. ఫైల్ షేర్ చెయ్యను. నా లేయర్లకి నాకు తప్ప ఎవరికీ అర్థం కాని పేర్లు పెడతాను. టీంలో కొత్తగా చేరిన అమ్మాయి "అన్నా, ఇది ఎలా చేశారు" అని అడిగితే, "అదొక చిన్న ట్రిక్‌లే" అని తప్పించుకున్నాను.

అదే సమయంలో నేను కృష్ణారెడ్డి గురించి చదువుతున్నాను.

ఆయన దగ్గర ఉన్నది చిన్న ట్రిక్ కాదు. దాచుకుని ఉంటే యూరప్‌లో ఆయనొక్కడే చెయ్యగలిగే పని అయ్యుండేది. ఆయనేం చేశాడు? అడిగినవాళ్లందరికీ చూపించాడు. 1960ల మధ్యకి హేటర్‌తో పాటు అటెలియే 17కి కో-డైరెక్టర్ అయ్యాడు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నారు. మన అలీగఢ్ నుంచి వెళ్లిన జరీనా హాష్మీ కూడా అక్కడే పనిచేసింది. 1976లో న్యూయార్క్ వెళ్లిపోయి, అక్కడ న్యూయార్క్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ప్రింట్‌మేకింగ్ నేర్పాడు. 1988లో పుస్తకమే రాసేశాడు. ఇంకు ఎలా కలపాలి, రోలర్ ఎంత మెత్తగా ఉండాలి, పలక ఎలా చెక్కాలి, మొత్తం విప్పి రాసేశాడు. మన భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ మొత్తం పబ్లిక్‌లో పెట్టేశాడు, కామెంట్లతో సహా.

ఆ పుస్తకం సంగతి తెలిశాక కూడా ఆ అమ్మాయికి ఫైల్ ఇవ్వడానికి నాకు ఇంకో రెండు వారాలు పట్టింది. ఒక్క రోజులో మారిపోలేదు. లీడ్ మీద కోపం ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా అనిపించట్లేదు. కానీ ఆ కోపం ఆ పిల్ల మీద ఎందుకు చూపించాను అన్నది నా దగ్గర జవాబు లేని ప్రశ్న.

సరే, బొమ్మల్లోకి వెళ్దాం. లేకపోతే ఇది నా ఆఫీసు కథ అయిపోతుంది.

మొదట్లో, 1952లో చేసిన "చేప" ఉంది. చేప అని పేరు చూస్తే తప్ప వెంటనే తెలియదు. పొలుసులు, నీళ్లు, కదలిక అన్నీ గీతల అల్లికలో కలిసిపోయి ఉంటాయి. 1963లో "సుడిగుండం", అదే ఏడు "అల". నాకు అన్నిటికంటే ఇష్టం సుడిగుండం. మధ్యలో ఎక్కడో ఒక బిందువు, దాని చుట్టూ నీలాలు, పచ్చలు లోపలికి లాగేస్తుంటాయి. గోదావరి వరద నీళ్లలో వంతెన మీద నుంచి కిందకి చూసినవాళ్లకి ఆ కడుపులో తిప్పుడు తెలుసు. అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ అంటే "మా పిల్లాడు కూడా గీస్తాడు" అంటారు కదా మనవాళ్లు. ఆయన అబ్‌స్ట్రాక్ట్‌లోకి వెళ్లింది నీటిని, పువ్వుని, పురుగుని బాగా దగ్గరికెళ్లి చూసి. అంత దగ్గర్నుంచి చూస్తే దేనికీ బయటి ఆకారం కనపడదు, లోపల పనిచేసేది కనపడుతుంది. మీ ఫోన్ కెమెరాలో మాక్రో మోడ్ పెట్టి తామరాకు తీయండి, అదొక అబ్‌స్ట్రాక్ట్ బొమ్మే.

మధ్యలో రాతి పని కూడా వదల్లేదు. 1962లో ఆస్ట్రియాలో సెయింట్ మార్గరెథెన్ అనే చోట రాతి క్వారీలో శిల్పుల సింపోజియానికి వెళ్లాడు, 1964లో కెనడా మాంట్రియల్‌లో ఇంకోదానికి.

తర్వాత 1968. పారిస్‌లో విద్యార్థులు రోడ్ల మీదకొచ్చిన ఏడు. కాలేజీలు, ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. కృష్ణారెడ్డి ఆ ఊళ్లోనే ఉన్నాడు. "డెమాన్‌స్ట్రేటర్స్" అనే ప్రింటు అప్పుడే వచ్చింది. నిలబడిన మనుషులు, గుంపుగా. మొహాలు గుర్తుపట్టలేం, ఎవరి చెయ్యి ఎవరిదో చెప్పలేం. అదే విషయాన్ని కంచులో శిల్పంగా కూడా చేశాడు. ప్రింటు, శిల్పం రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఇందాకటి మాట అర్థమవుతుంది. ఒకటి కాగితం మీద నిలబడింది, ఒకటి నేల మీద. పనిచేసిన చెయ్యి ఒకటే.

నాకు బాగా దగ్గరైనది ఇంకొకటి ఉంది, "అపు పాకుతోంది". అపు అంటే ఆయన కూతురు. నేల మీద పాకే పసిపిల్ల చుట్టూ ఉన్న చోటు ఎలా ఉంటుందో దాని బొమ్మ అది. పిల్ల కదిలితే గది మొత్తం దాంతో పాటు కదిలినట్టు గీతలన్నీ ఆమె చుట్టూ తెరుచుకుంటాయి. పసిపిల్ల ఉన్న ఇంట్లో అంతే కదా? ఫ్యాన్ స్విచ్, టీపాయ్ అంచు, వేడినీళ్ల గిన్నె, అన్నీ ఆ పిల్ల ఎక్కడుందో దాన్ని బట్టే మనకి కనిపిస్తాయి. తర్వాత 1980ల్లో సర్కస్ జోకర్ మీద వరసగా పనిచేశాడు. "ది గ్రేట్ క్లౌన్" పలక ఒకటే, దాన్నుంచి రంగులు మార్చి మార్చి తీసిన ప్రింట్లు ఎన్నో. ఒకదాంట్లో జోకర్ మంటలో ఉన్నట్టుంటాడు, ఇంకోదాంట్లో నీళ్ల అడుగున. పలక మారలేదు. మారింది రంగులు, నూనె పాళ్లు.

ఇక్కడ ఫోన్లో చూసే మనందరికీ ఒక చిక్కు ఉంది. నేను ఇప్పుడు స్క్రీన్ మీద పెట్టిన సుడిగుండం మీకు చదునుగా కనిపిస్తోంది. అసలు ప్రింటు చదునుగా ఉండదు. తడి కాగితాన్ని ప్రెస్సు ఆ లోయల్లోకి నొక్కేస్తుంది కదా, కాగితమే ఉబ్బి, దిగి ఉంటుంది. పక్క నుంచి లైటు పడితే నీడలు కనిపిస్తాయి. ఎంత జూమ్ చేసినా అది ఫోన్లో రాదు. నేను కూడా ఆయన ప్రింటు ఎదురుగా చూసింది ఒక్కసారే, ఢిల్లీలో ఒక గ్యాలరీలో. గార్డు రెండుసార్లు వెనక్కి జరగమన్నాడు.

1972లో పద్మశ్రీ ఇచ్చారు. 2016లో మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా ముగ్గురి పనీ కలిపి ప్రదర్శన పెట్టింది. అప్పటికి ఆయనకి తొంభై దాటాయి. బతికుండగానే గురువు పక్కన, తన దగ్గర నేర్చుకున్న మనిషి పక్కన, తన పని ఒకే చోట వేలాడటం ఎంతమందికి దక్కుతుంది?

మనదగ్గర మాత్రం ఏ స్కూలు పుస్తకంలోనూ నేను ఈయన్ని చూడలేదు. "మనవాడు" అని ఇప్పుడు చొక్కా కాలర్ ఎగరేద్దామంటే, మనం ఆయనకి ఏం చేశాం అని ఒక గొంతు అడుగుతుంది. పల్లెలో పుట్టాడు, అంతవరకే మన వాటా. నేర్పింది బెంగాల్, చోటిచ్చింది పారిస్, ఉంచుకుంది న్యూయార్క్. ఇది ఒప్పుకున్నాక కూడా ఆయన మీద ఇష్టం తగ్గలేదు నాకు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఒక మాట. ప్రింట్‌మేకింగ్ అంటే ఏంటో దగ్గర్నుంచి చూడాలంటే పారిస్ పోనక్కర్లేదు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది కదా, అందులో సరోజినీ నాయుడు స్కూల్లో ప్రింట్‌మేకింగ్ నేర్పుతారు. మన మెదక్ నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారు అక్కడ పాఠాలు చెప్పారు. ఆయన ఎచింగ్‌లు చూడండి, పల్లె, మేకలు, మనుషులు... అది వేరే లోకం, వేరే ఎపిసోడ్. స్టూడెంట్ల ప్రదర్శనలు పెట్టినప్పుడు వెళ్లండి. ప్రింటు కింద పెన్సిల్‌తో 7/30 అని రాసి ఉంటే కంగారుపడకండి, మార్కులు కావు అవి. తీసిన ముప్ఫై కాపీల్లో ఇది ఏడోది అని.

మొన్న ఆ ఫ్లెక్సీ షాపుకి మళ్లీ వెళ్లాను. బ్యానర్‌లో మా సెక్రటరీ గారి పేరులో దీర్ఘం పోయిందట, మళ్లీ కొట్టించాలి. మిషన్ తిరుగుతుంటే ఆ తమ్ముడికి ఫోన్లో సుడిగుండం చూపించాను.

"ఎన్ని ప్లేట్లన్నా ఇది?"

"ఒకటే."

"ఒకటేనా? ఎన్ని పాసులు?"

"ఒకటే."

నమ్మలేదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని రెండు వేళ్లతో పెద్దది చేసి, ఒక్కో రంగు అంచు దగ్గరికి పోయి చూశాడు. చుక్కల కోసం వెతుకుతున్నాడని నాకు తర్వాత అర్థమైంది. వెనక మిషన్ బీప్ బీప్ అంటోంది, ఇంకు అయిపోయినట్టుంది, పట్టించుకోలేదు. "చుక్కల్లేవన్నా" అన్నాడు. ఎలా చేశారో చెప్పమన్నాడు. గల్లా పెట్టె పక్కన ఉన్న పాత బిల్లు వెనక గుట్టలు, లోయలు గీసి, రెండు రోలర్లు, నూనె సంగతి మొత్తం చెప్పాను. ఆ బిల్లు ఆయన దగ్గరే ఉంది.

వచ్చే ఆదివారం లక్ష్మా గౌడ్ ఎపిసోడ్. ప్రశ్నలుంటే కామెంట్లలో పెట్టండి, తప్పులుంటే ఇంకా ముందు పెట్టండి. అమ్మ స్టీలు పళ్లెం జిడ్డు ఇంకా వదల్లేదు. ఆవిడ ఊర్నుంచి వచ్చేలోపు కిరోసినో ఇంకేదో వేసి తోమాలి. ఉంటాను.